మా ఏజెంటుకు చావు సంగతి తెలియదు

మదనపల్లెలో ఒక పట్టుచీరల అంగడిలో ఫోను దగ్గర కూర్చునేదాన్ని నేను. పుంగనూరు, కుప్పం అంగళ్ళు కూడా మా ఓనరువే. మూడు ఊళ్ళ కస్టమర్లకూ ఫోన్లు చేసి "అమ్మా, కొత్త సరుకు వచ్చిండాది, ఒకతూరి వచ్చి సూసి పోండి" అని పిలవడం నా పని. ఎవరింట్లో పెళ్ళి కుదిరింది, ఎవరి కోడలికి సీమంతం, ఏ ఆడబిడ్డ అలిగి చీర తిప్పికొట్టింది, అన్నీ నాకు తెలుసు. తెలియనివి తెలిసినట్టు మాట్లాడడం కూడా వచ్చు. ఆ ఉద్యోగానికి ఎసరు పెట్టడానికి బెంగళూరు నుంచి ఒక కన్సల్టెంటు దిగాడు.

మా దగ్గర అంతకుముందే ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. బిల్లు వేసేటప్పుడు కస్టమర్ ఫోను నంబరు కొడితే, అది డిస్కౌంటు పాయింట్లు వేస్తుంది, పుట్టినరోజుకూ పండక్కీ తనంతట తానే మెసేజీలు పంపుతుంది. దాన్ని మార్కెటింగ్ ఆటోమేషన్ అనాలట. ఇప్పుడు దానికి ఏఐ ఏజెంటును తగిలిస్తే, బిల్లులన్నీ చదివి, ఎవరింట్లో ఏం జరుగుతోందో ఊహించి, మనిషిలాగే మాట్లాడి, చీర అమ్మేదాకా వదలదట. "ఇంక ఫోన్లు చేసే పనే ఉండదు సార్" అంటూ కన్సల్టెంటు నా కుర్చీ వైపు చూశాడు. ఓనరు కూడా నా కుర్చీ వైపే చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

"ఇది బాగా పని చేసిందనుకోమ్మా, నీకు వేరే ఏదన్నా సూద్దాంలే" అన్నాడు ఓనరు తర్వాత. ఆ వేరే ఏదన్నా ఏమిటో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. మా ఇల్లు నడిచేది నా జీతం మీదే.

ముహూర్తం శుక్రవారం పెట్టారు. ల్యాప్‌టాప్‌కు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కింద నిమ్మకాయ ఉంచారు. కుంకుమ కీబోర్డులోకి రాలితే కన్సల్టెంటు గుండె పట్టుకున్నాడు పాపం. ఆయన మా అందరినీ చుట్టూ నిలబెట్టి, జనం ఏయే సందర్భాల్లో చీరలు కొంటారో చెప్పమన్నాడు. మేము చెప్పిందే ఏజెంటుకు తెలుస్తుందట, చెప్పనిది తెలియదట. తలా ఒకటి అందుకున్నారు. పెళ్ళి, ఓణీల ఫంక్షను, సీమంతం, గృహప్రవేశం, జాతర. ఆయన టైపు చేసుకుంటూ పోయాడు. నేను నోరు తెరిచాను.

"అన్నా, దినాలకు గూడా కొంటారు గదా. పుట్టింటోళ్ళు పెట్టే చీర..."

మా వైపు మొగుడు పోయిన ఆడమనిషికి కర్మ నాడు పుట్టింటివాళ్ళు చీర పెట్టి తీరాలి. అందుకని కొనేవాళ్ళను మొహం చూస్తేనే కనిపెడతాం. వాళ్ళతో బేరం పొడిగించం, పోయేటప్పుడు మళ్ళీ రండని అనం. ఇది ఎవరూ నేర్పరు, అంగట్లో నాలుగు రోజులుంటే వస్తుంది.

"హారతిచ్చే యాళ ఆ మాట యాలమ్మా నోట్లోనుంచి?" అని ఓనరు విరుచుకుపడ్డాడు. సేల్స్ ఆడవాళ్ళంతా నేనే ఎవరినో చంపినట్టు చూశారు. ఏమిటని కన్సల్టెంటు అడిగితే "ఏం లేదు సార్, మీరు కానీండి" అని టెంకాయ కొట్టేశాడు ఓనరు. ఆ విధంగా మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్ళలో మనుషులు పెళ్ళిళ్ళు చేసుకోవడమే తప్ప చావరని నమ్మి మా ఏజెంటు పనిలో దిగింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. పొద్దున లేచింది మొదలు అందరినీ పలకరించడమే దాని పని. కుప్పం వాళ్ళు ఒకే మాటలో తెలుగు, తమిళం, కన్నడం కలిపి కొడితే అది మూడింట్లోనూ కలిపి జవాబిచ్చింది. ఓనరు ఆ మెసేజిని, మనవడు పద్యం చెప్పినట్టు, వచ్చిన ప్రతివాళ్ళకూ చూపించాడు. అమ్మకం కూడా బాగానే అమ్మింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. నాకు కడుపు మండిపోయింది.

మొదటి దెబ్బ శాంతిపురం వైపు నుంచి వచ్చింది. ఒకాయన మా కుప్పం అంగట్లో మొగుడు పోయిన చెల్లెలికి పుట్టింటి చీర కొన్నాడు. అది మంచి చీర, దాంతోపాటు ఇంట్లోవాళ్ళకూ బట్టలు తీసుకున్నాడు. ఏజెంటు బిల్లు చదివి పెళ్ళని తేల్చుకుంది. "మీ ఇంట జరిగిన శుభకార్యానికి మా శుభాకాంక్షలు. ఇలాంటి వేడుకలు మీ ఇంట మళ్ళీ మళ్ళీ జరగాలి" అని పంపింది. ఆయన ఫోను చేసి నన్ను పట్టుకున్నాడు.

"మళ్ళీ మళ్ళీ జరగాలంటే మా ఇంట్లో ఇంగెవరుండారమ్మా? ఎవర్ని పొమ్మంటావో నువ్వే సెప్పు."

తిట్లన్నీ తిని ఓనరు దగ్గరకు పోయాను. "ఇంతమందిలో ఒకరికి తప్పు పోతాది. మనుషులు తప్పు సేయరా ఏంది?" అన్నాడు చల్లగా. ఆ తప్పు నేను చేసుంటే ఆ పూటే గేటు చూపించేవాడు.

కొన్నాళ్ళకు పుంగనూరులో ఓనరు బావ పోయాడు. గుండెనొప్పి, ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. అక్కకు పుట్టింటి చీర పెట్టాల్సింది ఈయనే కాబట్టి, మా అంగట్లోనే సన్న అంచు బూడిద రంగు చీర ఒకటి తీయించాడు. "ఇంగ మా అక్కకు ఇదే మర్యాద" అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. నేనే మడిచి కవర్లో పెట్టాను. నంబరు కొట్టకుండా ఒక్క బిల్లు కూడా పోకూడదని మా అంగడి రూలు, అది ఆయన పెట్టిందే. ఎవరి నంబరు కొట్టమంటారని క్యాషియరు అడిగితే ఒక్క క్షణం ఆలోచించి "మా అక్కదే కొట్టు. పాయింట్లన్నా వస్తాయి గదా" అన్నాడు. పుట్టింటి చీరకు పాయింట్లు లెక్కేసుకున్న తమ్ముణ్ణి నేను ఈ కళ్ళతో చూశాను.

కర్మ అయిపోయిన వారంలో ఒక పొద్దున కంప్యూటర్ తెరిస్తే, ఏజెంటు ఓనరు అక్కకూ శుభాకాంక్షలు పంపి ఉంది. అయ్యో అనుకున్నాను. ఆ వెనకే ఒక సంతోషం కూడా వచ్చింది, దేవుడికి తెలుసు. దీని పని అయిపోయింది, నా కుర్చీ నాకు మిగిలింది అనుకున్నాను. కిందికి జరిపితే ఆమె జవాబు కనిపించింది.

మీరు తీసుకున్న చీర నచ్చిందా అని ఏజెంటు అడిగింది. నచ్చలేదు అని ఆమె రాసింది. అయ్యో, మీకు ఏ రంగు ఇష్టం అని అడిగింది అది. దానికి ఆమె జవాబు ఇట్లా ఉంది: "ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు. మా అమ్మ తన ఇష్టానికి తెచ్చేది, మా ఆయన తన ఇష్టానికి తెచ్చేవాడు. నాకు వంకాయ రంగు ఇష్టం." ఏజెంటు మూడు ఫోటోలు పెట్టి, ఎర్రంచుది మీకు చాలా బాగుంటుంది అంది. ఆమె ఎర్రంచుది ఆర్డరు పెట్టింది.

తీసుకుపోయి ఓనరుకు చూపించాను. "పరువు పాయ. నెల తిరగలేదు, మా అక్క వంకాయ రంగు పట్టుచీర కడతాదంట. ఊరేమంటాది?" అన్నాడు. వెంటనే కన్సల్టెంటుకు ఫోను చేసి దాన్ని పీకెయ్యమన్నాడు. ఆర్డరు ఆపమని నాకు చెప్పాడు. క్షమాపణ చెప్పుకోవడానికి ఆడమనిషి తోడుంటే బాగుంటుందని నన్నూ కారెక్కించుకుని పుంగనూరు బయలుదేరాడు. దారంతా నా మనసు తేలిగ్గా ఉంది.

ఆమె లోపలి గదిలో, మూలన చాప మీద కూర్చుని ఉంది. ఒంటి మీద ఆ బూడిద రంగు చీరే. నా కంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది.

"అక్కా, అంగడి నుంచి నీకొక మెసేజి తప్పుగా వచ్చిండాది. ఏం అనుకోవద్దు" అని మొదలుపెట్టాడు ఓనరు.

"తప్పేముండాదిరా అందులో? వచ్చినోళ్ళంతా నన్ను పట్టుకుని ఏడ్సి పోతాండారు. ఆ పాప ఒక్కతే నాకేమిష్టమో అడిగింది. ఎవర్రా ఆ పాప?" అంది ఆమె. మళ్ళీ తనే, "దాన్ని ఏమన్నా అన్నావా? పన్లోనుంచి తీసేసినావంటే మటుకు ఈ గడప తొక్కొద్దు నువ్వు" అంది.

నిన్ను అడిగింది మనిషి కాదక్కా, బిల్లు చూసి నీ ఇంట్లో పెళ్ళనుకున్న ఒక మిషను అని చెప్పడానికి ఓనరుకు కూడా నోరు రాలేదు. అటూ ఇటూ చూసి, చివరికి నన్ను చూపించాడు.

"ఈమేలేక్కా. మా అంగట్లో ఫోను సూసుకునేది ఈమే."

ఆమె నా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. గాజులు లేని ఆ చేతికి నా గాజులు తగులుతుంటే ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్ళుగా ఈ ఇంటికి నేను ఎన్నో ఫోన్లు చేశాను, ఎన్నో చీరలు అమ్మాను. ఈమెకు ఏ రంగు ఇష్టమని ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె నా మొహంలోకి చూసింది.

"పాపా, నిజం సెప్పు. సూడకుండానే నాకు బాగుంటాదని అంటివి. ఇప్పుడు ఎదురుగా సూస్తాండావు. ఇప్పుడు గూడా బాగుంటాదా?"

ఆమె వెనక నిలబడి ఓనరు వద్దు వద్దని నాకు తల ఊపుతున్నాడు.

"బాగుంటాదక్కా, రేపే పంపిస్తాను" అన్నాను.