అట్టపెట్టె చాటున పాచికలు

మామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురంలో, మా కాలేజీ స్టాఫ్ రూములో అన్నం డబ్బా తెరుస్తున్నాను. "మీ మామ ల్యాడమ్మా. పొద్దున కాఫీ తాగి, కొట్టు తాళాలు తీసుకోని, చెప్పులేసుకుంటా అట్లే కూలబడిపాయె" అంది. సరే అత్తా, వస్తాండా అన్నాను. ఫోన్ పెట్టేసి డబ్బాలో అన్నమంతా తిన్నాను. ఎట్లా తిన్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. పక్కనున్న మేడం "ఎవరు ఫోను?" అంటే "మా మామ" అన్నాను, ఆయనే చేసినట్టు.

మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కాను. పెనుకొండలో రైలు ఆగినప్పుడు ఎప్పటిలాగే కొండ వైపు చూశాను. మా అమ్మ పోయింది ఆ ఊళ్లోనే, నేను పదో తరగతి రాసిన వేసవిలో. అటుపైన నాయన నన్ను ఇంటర్ చదువుకు ధర్మవరంలో మామ ఇంట్లో వదిలాడు. మామ అమ్మకు తమ్ముడు. పట్టుచీరల కొట్టు నడిపేవాడు. ఆ ఇంట్లో అమ్మ పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఎత్తితే అమ్మను కన్న అవ్వ గుండెలు బాదుకుని పడిపోయేది, డాక్టరును పిలవాల్సి వచ్చేది. అందుకని అందరం నోళ్లు కుట్టేసుకున్నాం. అమ్మ ఫోటో కూడా బీరువాలోకి పోయింది. కొన్నాళ్లకు నేను అమ్మ గురించే కాదు, దేని గురించీ మాట్లాడటం మానేశాను. కాలేజీలో నన్ను మూగపిల్ల అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

అట్లాంటి రోజుల్లో మామ బెంగళూరుకు చీరలు తీసుకుపోయి, ఒక ఇంట్లో పెద్దపిల్లలు బల్ల చుట్టూ కూర్చుని ఆడుతున్న ఆట చూసి వచ్చాడు. రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు దాన్ని. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక మనిషిని ఊహించుకుని, ఆ మనిషిగానే మాట్లాడతారు. కొండ ఎక్కుతాను, తలుపు పగలగొడతాను అంటారు. ఆ పని అయిందో లేదో పాచిక చెబుతుంది. గెలవడం, ఓడడం అంటూ ఏమీ ఉండవు. మామ అక్కడే నిలబడి గంటసేపు చూశాడట. ఆ పిల్లలు పాత పాచికలు, ఇంత లావు రూల్సు పుస్తకం చేతిలో పెట్టి పంపారు.

ఆదివారం మధ్యాహ్నం బేరాలు తగ్గాక కొట్లో షట్టరు సగం దించేవాడు. చీరలు పరిచే తెల్ల పరుపు మీద మేము ముగ్గురం కూర్చునేవాళ్లం. నేను, ఎదురింటి మగ్గాలవాళ్ల నాగరాజు, నా క్లాసులోనే చదివే సరస్వతి. మామ ఎదురుగా చీరల అట్టపెట్టె ఒకటి నిలబెట్టుకుని, దాని చాటున పాచిక వేసేవాడు. ఏం పడిందో మాకు కనబడేది కాదు, ఆయన చెబితే నమ్మడమే. ఆయన వేరే దేశాలు చూసినవాడు కాదు కాబట్టి మా కథలో కోట అంటే పెనుకొండ కోటే. సముద్రం అంటే బుక్కపట్నం చెరువే. రాక్షసులందరూ ఆ చెరువులోంచే లేచేవాళ్లు. "ఏం మామా, మళ్లీ బుక్కపట్నమేనా?" అని నాగరాజు ఏడిపిస్తే, "నీళ్లు యాడుంటే ఆడికే కదప్పా వస్తాయి జీవాలు? నీళ్లు ల్యాని రొళ్ల ఊరి కాడ లేపితే దప్పికతో సస్తాయి" అనేవాడు.

ఊళ్లో పాచికల సంగతి పాకింది. నాగరాజు వాళ్ల నాయన ఒకరోజు షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చి, "ఏమప్పా శెట్టీ, పిల్లోల్లకు జూదం నేర్పుతాండావంట?" అని కేకలేశాడు. మామ లేవను కూడా లేవలేదు. "దుడ్లు యాడుండాయో సూపీప్పా. దుడ్లు ల్యాకుండా జూదమెట్లయితాది? కూసో, కాఫీ తాగి పో" అన్నాడు. ఆయన కూర్చున్నాడు. కాఫీ వచ్చేలోపల కథలో వాళ్లబ్బాయి వంతెన మీద చిక్కుకున్నాడు. "రేయ్, ఎనక్కి రారా, అది ఇరుగుతాది!" అని ఆ పెద్దమనిషే అరిచాడు. మళ్లీ జూదం మాట ఎత్తలేదు.

ఆ ఆటలో నేను పడవ నడిపే ఆడదాన్ని. నోరు పెద్దది, ఎవరికీ భయపడదు. మొదట్లో నా వంతు వస్తే పెదవి కదిపేదాన్నే కాదు. మామ తొందరపెట్టేవాడు కాదు. వక్కపొడి నోట్లో వేసుకుని, షట్టరు కింద నుంచి పోయే కాళ్లను చూస్తూ కూర్చునేవాడు. ఎవరైనా నా బదులు మాట్లాడబోతే "ఆ యమ్మ వంతు. ఆ యమ్మే చెప్పల్ల" అనేవాడు. పడవదానిగా నేను నోరు తెరిచిన రోజు, కథలోని ఊరి రెడ్డిని తిట్టాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అత్త కొట్టు వెనకున్న వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది, ఎవరో కొట్లాడుతున్నారనుకుని.

కథలో ఒక మనిషి చచ్చిపోతే మామ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఆట ఆపేసేవాడు. మిగిలినవాళ్లు తలా ఒక మాట ఆ చచ్చిన మనిషి గురించి చెప్పాలి. పొగడ్త పనికిరాదు. ఒక తప్పో, ఒక పిచ్చి అలవాటో చెప్పాలి. "మంచోడంటే మనిషి కనపడడప్పా. మంచోళ్లంతా ఒక్క మాదిరే ఉంటారు" అనేవాడు. అదయ్యాకనే ఆట ముందుకు సాగేది.

మొదట చచ్చిపోయింది నా పడవదే. పాచిక బాగా పడలేదన్నాడు మామ. నేను నమ్మలేనట్టు చూశాను. నాగరాజు "ఎవుర్నీ అడక్కుండా ముందరికి పోతాది" అన్నాడు. సరస్వతి "ఆకలైతే అందర్నీ కరుస్తాది" అంది. వింటుంటే ఆమె మా మధ్యన కూర్చున్నట్టే ఉంది. వాళ్లిద్దరూ ఇళ్లకు పోయాక నేను పాచికలు ఏరుతున్నాను. మామ తల ఎత్తకుండా, చాలా మామూలుగా, "మీ అమ్మ సారులో ఉప్పెయ్యడం ఎప్పుడూ మర్సిపోతాండె" అన్నాడు.

ఏరిన పాచికలు గుప్పిట్లో పట్టుకుని ఆయన వైపు తిరిగాను. ఆయన వక్కపొడి నోట్లో వేసుకుని కాచుకున్నాడు. చివరికి నేను, "బస్సులో కిటికీ సీటు నాక్కూడా ఇచ్చేది కాదు" అన్నాను. ఆయన పకపకా నవ్వాడు. "సిన్నప్పుడు నాకూ ఇయ్యల్యా, దొంగది!" అన్నాడు. నవ్వుతూనే కండువాతో ముఖం కప్పుకున్నాడు. అమ్మ పోయాక నేను తొలిసారి ఏడ్చింది ఆ పరుపు మీదే. ఆ సాయంత్రం అమ్మ నాకు తిరిగి దొరికింది, ఉప్పు మరిచిపోయే అమ్మ, కిటికీ సీటు వదలని అమ్మ.

ఇప్పుడు నేను హిందూపురంలో ఇంటర్ పిల్లలకు చదువు చెబుతాను, శనివారాలు ఆ ఆట కూడా ఆడిస్తాను. ఇంట్లో ఒక్క మాట మాట్లాడని పిల్లలు మంత్రగాళ్లయి, దొంగలయి, నోరు తెరుస్తారు. ఎదుటివాడి వంతు అయ్యేదాకా ఓపిక పడతారు. పాచిక కలిసిరాకపోతే ఇక్కడ ఎవరూ తిట్టరు, మార్కులు పోవు. "ఆ వయసులో ఒకసారన్నా ఇంకొకరు మాదిరి బతికి సూడల్ల. అప్పుడే మన బతుకు మనకు సరిపోతాదో ల్యాదో తెలిసేది" అనేవాడు మామ. పిల్లలకు నేనిచ్చే పుస్తకాలు, పెన్నులు ఏవీ ఈ ఆట ముందు నిలవవు. ఒకరోజు నెట్‌లో ఆట రూల్సన్నీ చూసి వచ్చిన ఒక పిల్ల అడిగింది. "మేడం, చచ్చినోళ్ల గురించి చెప్పే రూలు ఆటలో యాడా ల్యాదే?" అని. నేను మామకు ఫోన్ చేశాను. "అంత పుస్తకం నేను యాడ సదివినా అమ్మీ! ఉండాదేమో అనుకున్నా" అని దాటేశాడు.

కర్మ రోజున వచ్చినవాళ్లంతా ఒకటే మాట. దేవుడిలాంటి మనిషి, దేవుడిలాంటి మనిషి. నాకు ఒళ్లు మండింది. దేవుడేంటి, బొరుగుల ఉగ్గానిలోకి పెట్టిన బజ్జీ ఇంకొకరు ముట్టుకుంటే అలిగే మనిషి! మేము ముగ్గురం ఆ పరుపు మీద కూర్చుని ఆయన గురించి తలా ఒక మాట చెప్పుకోవాలని, అది చెయ్యకుండా ఆయన్ను పంపకూడదని నా ఆశ. నాగరాజు బెంగళూరులో ఉన్నాడు, సెలవు దొరకలేదన్నాడు. మూడక్షరాలు మెసేజ్ పెట్టాడు. ఆరైపీ అట, ఆరైపీ! ఫోన్ చేసి "ఒక్క మాట చెప్పురా, ఏదన్నా తప్పు" అన్నాను. "ఇప్పుడేం గుర్తుకొస్తాయే. పోయినోళ్లను తప్పులెంచుతారా?" అన్నాడు. సరస్వతి వచ్చింది కానీ, చంకలో బిడ్డ ఒకటే ఏడుపు. చెన్నేకొత్తపల్లి బస్సు టైమైందని, నా చెయ్యి పట్టుకుని వదిలేసి వెళ్లిపోయింది. ఇంటినిండా జనం. మామ గురించి మాట్లాడటానికి నాకు ఒక్క మనిషీ లేడు.

మరునాడు అత్త కొట్టు తెరిచింది. "పెండ్లిండ్ల కాలం. మూసుకోని కూసుంటే ఎట్లమ్మా" అంది. నేను పోయి పరుపు మీద కూర్చున్నాను. అత్తకు ఆ ఆట ఎప్పుడూ పట్టలేదు, అయినా ఉండబట్టలేక ఆ పద్ధతి గురించి చెప్పాను. పుస్తకంలో లేదట అత్తా, మామకు ఎక్కడిదో అన్నాను.

అత్త చీరల ధూళి దులుపుతూ చెప్పింది. "నీకోసమే కదమ్మా. ఆ పిల్ల వాళ్లమ్మను కడుపులోనే పెట్టుకోని కూసుండాది, ఎట్లన్నా మాట్లాడించల్ల అని ఒకటే రంధి ఆయప్పకు. నీ మనిషి సచ్చిపాయె సూడు, ఆ పొద్దు పాచిక బాగానే పడిండెనంట. అట్టపెట్టె చాటునుండాది కదా, ఎవురు సూస్తారు, నేనే సంపినా అన్యాడు. అన్యాయంగా సంపినానే అని రెండు రోజులు అన్నం సరిగా తినల్యా."

 ఆయనతో అనాల్సిన మాట దొరికింది, ఆయన లేడు. అయినా ఆయన కూర్చునే వైపు తిరిగి గట్టిగానే అన్నాను. "మా మామ పాచికల్లో మోసం చేసేవాడు."

అత్త ఫక్కుమని నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. అంతలో పెళ్లివాళ్లు చెప్పులు విడిచి లోపలికొచ్చారు. అత్త కళ్లు తుడుచుకుని, "రాండమ్మా, కూసోండి" అని లేచి, మామ లాగే ఒక్కో చీరా విదిలించి పరిచింది. నచ్చినవి తీసుకుని వాళ్లు గల్లాపెట్టె వైపు వెళ్లారు, అత్త వాళ్ల వెంట వెళ్లింది. నచ్చనివన్నీ పరుపు మీద మిగిలాయి. నేను ఒక చీర కొంగు పట్టుకుని లేచాను. పెద్ద అంచు పట్టుచీర, ఇద్దరుంటే కానీ నాకు మడత కుదరదు. కొంగు రెండు మూలలూ సరిచేసి పట్టుకుని, అలవాటుగా, ఎప్పుడూ మామ పట్టే రెండో కొస ఎవరైనా ఎత్తుతారేమోనని చూస్తూ నిలబడ్డాను.