దిబ్బ మీద పిట్టలు లేవు

మా బావ ఐస్ ఫ్యాక్టరీలో మెకానిక్. రేవులో మాత్రం అందరూ పిట్టల మేస్త్రి అంటారు. మొదట్లో ఎగతాళికి అన్న మాట, తర్వాత అదే పేరై కూర్చుంది. అది వింటే మా అక్క మూతి ముడుచుకుంటుంది. నాకు ఒళ్లు మండే విషయాల్లో ఆ పేరు ఎక్కడో అడుగున ఉంటుంది. పైన ఉన్నవి వేరే. వాటి గురించే ఈ రాత.

బావ నోట్లో నాలుక లేని మనిషి. ఇరవై రెండేళ్లుగా కంప్రెసర్ పక్కన నిలబడి ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఏదైనా చెప్పాలంటే కుడివైపుకు వెళ్లి చెప్పాలి. మా అక్క తిట్లు మాత్రం ఎటునుంచైనా వినపడతాయంటాడు. ఫ్యాక్టరీలో గంటకోసారి గేజీ చూసి, ముల్లు ఎంత చూపిస్తే అంత పుస్తకంలో రాయాలి. మిగతావాళ్లు డ్యూటీ దిగేముందు టీ తాగుతూ ఎనిమిది గంటల అంకెలూ ఒక్క ఊపులో నింపేస్తారు. బావకు అది చేతకాదు. ఒకసారి ఉప్పునీళ్ల తొట్టి కారుతుంటే ఆ పనిలో పడి ఒక గంట గేజీ దగ్గరికి వెళ్లలేదు. ఆ గడిలో ‘చూడలేదు’ అని రాసిపెట్టాడు. మేనేజరు పిలిచి చీవాట్లు పెట్టాడు.

“చూడనిది చూశానని ఎలా రాస్తానండీ?” అన్నాడట.

ఆ ఏడాది ప్రమోషను ఇంకొకడికి పోయింది. అక్క వారం రోజులు గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ కడిగింది. బావ చెవి బాగాలేనట్టు నటించాడు.

చలి తగ్గినప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా బావది ఒకటే వరస. పొద్దున్న ఆరింటికి డ్యూటీ దిగి, ఇంటికి రాకుండా సైకిలు ఒడ్డుకు తొక్కుతాడు. ఒక అద్దం మీద గీతలు పడిన బైనాక్యులర్, జేబులో నోటు పుస్తకం, దారానికి కట్టిన పెన్సిలు. చలికాలమంతా మట్టిరంగులో తిరిగిన ఉల్లంకి పిట్టలు వసంతంలో పొట్ట దగ్గర ఇటుక రంగు తిరుగుతాయని, దూరప్రయాణానికి ముందు బురదలో పురుగులు తిని తెగ బలుస్తాయని బావ చెబితేనే నాకు తెలిసింది. సముద్రపు కాకుల తలలు నల్లబడే వారం ఏదో చెప్పగలడు. కూత వినపడనివాడికి పిట్టలెందుకని మా పక్షుల సంఘంలో కొందరు నవ్వేవాళ్లు. కళ్లున్నాయి కదా అనేవాడు.

ఆ పిట్టలన్నిటిలో ఆయన ప్రాణం కత్తెర తోకల మీద. అసలు పేరు వేరే ఉంది, మా ఇంట్లో మాత్రం ఇదే పేరు. పిడికెడు తెల్లపిట్ట, నల్ల టోపీ, పసుపు ముక్కు, చీలిన తోక. ఏరు సముద్రంలో కలిసే చోట ఒక ఇసుక దిబ్బ ఉంది. ఆటు సమయంలో మోకాలి లోతు నీళ్లలో నడిచి వెళ్లొచ్చు. ఏటా వసంతంలో అవి ఎక్కడినుంచో వచ్చి ఆ దిబ్బ మీద గుడ్లు పెడతాయి. గూడు ఉండదు. ఇసుకలో చిన్న గుంట, అంతే. బావ ఒకసారి నన్ను తీసుకెళ్లాడు. తన అడుగుల్లోనే నన్ను అడుగు వెయ్యమన్నాడు. అయినా నేను పక్కకు కాలు చాపబోతే భుజం పట్టి ఆపాడు. నా కాలికీ ఇసుకకూ మధ్య జానెడు దూరంలో రెండు గుడ్లున్నాయి. వాటిని చూడడానికి నాకు ఒక నిమిషం పట్టింది.

ఇక మా పక్షుల సంఘం సంగతి. పద్నాలుగు మంది సభ్యులు, రేవు ఆఫీసు వాళ్లు వాడుకోమని ఇచ్చిన ఒక గది, గోడకు నల్లబల్ల. అధ్యక్షులు రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఆ మనిషిని ‘మాస్టారు’ అనాలంటే ఇప్పుడు నాకు నోరు రావడం లేదు, అలవాటు కొద్దీ అంటున్నాను. ఏటా వసంతం అయ్యాక సంఘం ఒక పట్టిక తయారుచేస్తుంది. ఎడమవైపు చోట్ల పేర్లు: చేపల యార్డు, బురద మైదానం, రేవు గోడ, ఇసుక దిబ్బ. పైన పిట్టల పేర్లు. గడుల్లో ఎన్ని కనిపించాయో అంకె. ఒక ప్రతి గోడకు, ఒకటి దూరాన ఉన్న యూనివర్సిటీకి, ఒకటి గది ఇచ్చినందుకు మర్యాదగా రేవు ఆఫీసుకు. టైపు చేసేది నేను. నేను ఆ రేవు ఆఫీసులోనే టైపిస్టుని.

సంఘం పెట్టిన మొదటి ఏడాది పట్టిక నల్లబల్ల మీదే, కాగితాలు పంపడం ఇంకా మొదలుకాలేదు. అందులో దిబ్బ మీద గూళ్లు అని నిజమే రాశారు. తర్వాతి వసంతంలో ఒక ఆదివారం పదమూడు కెమెరాలు, రెండు కుటుంబాల విహారం, ఒక కుక్క. బావ సాయంత్రం వెళ్లి చూస్తే మిగిలింది పెంకులు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అప్పుడు మాస్టారు సంఘంలో ఒక నియమం పెట్టారు. గూడు ఉన్న చోటు పట్టికలో రాయకూడదు. దిబ్బ మీద పిట్టలన్నిటినీ రేవు గోడ గడిలోకి ఎక్కించాలి, దిబ్బ గడిలో ‘లేవు’ అని వెయ్యాలి. కాగితం మీద ఆ నియమం లేదు, నోటిమాటే. అందరూ తలూపారు. బావ ఒక్కడే ఆ సమావేశంలో నీళ్లు నమిలాడు.

“చూసినచోట కాకుండా వేరేచోట రాయడమా మాస్టారూ?”

“నీ గేజీ పుస్తకం కాదయ్యా ఇది. నిజం రాస్తే చచ్చేది నువ్వు కాదు, అవి.”

బావ ఒప్పుకున్నాడు. గడిలో అంకె మార్చి రాయడం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా పిట్టలు బతికాయి. పదకొండు వసంతాలు ఎవరూ దిబ్బ వంక చూడలేదు. పదకొండు సార్లు నేను ‘లేవు’ అని టైపు చేశాను. రోజూ సాయంత్రం ఆ రేవు గోడ మీదే నడుస్తాను, అక్కడ చేపల వలలూ పిల్లులూ తప్ప ఇంకేమీ ఉండవు.

ఈ వసంతంలో, గుడ్లు పెట్టిన రెండో వారంలో, మా సూపరింటెండెంటు ఒక నోటీసు టైపుకు ఇచ్చాడు. కొత్త లారీల యార్డు మెరక చెయ్యడానికి దిబ్బ ఇసుక తవ్వుతారట. అభ్యంతరాలుంటే పదిరోజుల్లో చెప్పాలి, పైనుంచి ఒక అధికారిణి వచ్చి విచారణ జరుపుతారు. నేను ఇంటికొచ్చి సంచీ దించకముందే బావ చెవిన వేశాను. బావ కంగారు పడలేదు. నేను ఇప్పటికీ మర్చిపోలేనిది అదే. ఆయన నిజంగా సంతోషించాడు.

“మంచిదే కదా మరదలా. పదకొండేళ్ల లెక్క ఉంది మన దగ్గర. పట్టికలు తీసుకెళ్లి ముందు పెడదాం. ఎవడు తవ్వుతాడో…”

అక్కడ ఆగిపోయాడు. చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. పట్టికలో ఏముందో అప్పుడు గుర్తొచ్చింది. మెల్లగా గ్లాసు కింద పెట్టి పీట మీద కూర్చున్నాడు.

“ఏవండీ, ఏమైంది?” అంది అక్క.

“నేనే తవ్వించాను దాన్ని,” అన్నాడు.

మర్నాడు మాస్టారింటికి వెళ్లాడు, నేనూ వెంట వెళ్లాను. మాస్టారు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. ఆయన గదిలో గోడకు యూనివర్సిటీ వాళ్లు పంపిన ప్రశంసాపత్రం, అద్దం కట్టించి ఉంది. పదకొండేళ్లుగా తప్పులేని లెక్కలు అందిస్తున్నందుకు అని అందులో ఉంది. బావ అడిగింది ఒక్కటే. విచారణలో లేచి, ఇది మా సంఘం నియమం, గోడ అని ఉన్నచోటల్లా దిబ్బ అని చదువుకోండి అని చెప్పమన్నాడు.

“చూద్దాంలే,” అన్నారు మాస్టారు, కాలరు మీద నీళ్లు చిలకరిస్తూ.

ఆ ‘చూద్దాంలే’ వినగానే నాకు అర్థమైంది. బావకు కాలేదు. ఇంటికి వస్తూ దారంతా మాస్టారు ఉన్నారు కదా అన్నాడు.

విచారణ రేవు ఆఫీసు మేడమీద హాల్లో పొద్దున్న పదింటికి. అధికారిణి నిదానస్తురాలు, ఎవరినీ విసుక్కోలేదు. ఆవిడ పక్కన మా సూపరింటెండెంటు. ఆ పక్క చిన్న బల్ల దగ్గర నేను. అక్కడ ఎవరేమన్నా రాసుకోవడం నా పని. సూపరింటెండెంటు పదకొండు పట్టికలూ పేకముక్కల్లా పరిచాడు. ప్రతిదాన్లోనూ దిబ్బ గడి మీద వేలు పెట్టి చూపించాడు. లేవు, లేవు, లేవు. ఆ అక్షరాలు నా టైపుమిషనువే. ‘వు’ కొమ్ము కొంచెం అరిగి ఉంటుంది.

బావ లేచాడు. ఇస్త్రీ చేసిన యూనిఫారం వేసుకొచ్చాడు పాపం. ఎప్పుడూ గట్టిగా మాట్లాడనివాడు, చివరి కుర్చీకి వినపడేలా చెప్పాడు.

“ఆ పట్టికలో గోడ మీద ఉన్నవన్నీ దిబ్బ మీదవండి. నేనే అబద్ధం రాశాను. జనం తొక్కేస్తారని రాశాను. ఇప్పుడు అక్కడ నలభై ఒక్క గుంటల్లో గుడ్లున్నాయి.”

హాల్లో ఎవరో నవ్వారు. సూపరింటెండెంటు కూడా చిరునవ్వు నవ్వి, “అంటే పదకొండేళ్లు అబద్ధం రాసినాయన ఇవాళ నిజం చెబుతున్నాడు, నమ్ముదాం,” అన్నాడు.

అధికారిణి నవ్వలేదు. మాస్టారి వైపు తిరిగి, “అధ్యక్షులు మీరే కదా. మీ పట్టికలో ఇలా చోటు మార్చి రాస్తారా?” అని అడిగింది.

మాస్టారు లేచి, కాలరు సర్దుకుని, “మా సంఘం పట్టికల్లో తప్పులుండవండి. ఎవరైనా సొంతంగా ఏమైనా చేసి ఉంటే నాకు తెలియదు,” అని కూర్చున్నారు.

పళ్లు పటపట కొరికాను. సంఘం వాళ్లు ఇంకా పదకొండు మంది ఉన్నారు హాల్లో. అందరూ నేల టైల్సు లెక్కపెట్టుకుంటున్నారు. అధికారిణి మంచిదనే చెప్పాలి, అక్కడితో వదలలేదు.

“ఈయన చెప్పింది నిజమని చెప్పగలిగేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? ఒక్కరు చాలు. ఒక్కరు చెబితే పాత పట్టికలన్నీ మళ్లీ తీసి చూస్తాను.”

ఇంతసేపూ మాస్టార్ని తిట్టాను, సంఘాన్ని తిట్టాను. ఇక చెప్పక తప్పదు. ఆ ఒక్కరు నేను. నియమం పెట్టిన రోజు ఆ గదిలో ఉన్నాను. అంకెలు గోడ గడిలోకి ఎక్కించింది నా వేళ్లు. దిబ్బ మీద గుడ్లు నా కళ్లతో చూశాను. నాకూ సూపరింటెండెంటుకూ మధ్య రెండు మూరల దూరం. వచ్చే నెల నా ఉద్యోగం పర్మనెంటు అయ్యే కాగితం ఆయన సంతకం కోసం ఉంది. కుర్చీ వెనక్కి జరపాలి, లేవాలి, అంతే. గోడ గడియారం వంక చూశాను. బావ హాలంతా చూశాడు, ఒక్కొక్కరి ముఖమే చూశాడు. నేనున్న వైపు మాత్రం చూడలేదు. చూస్తే నేను లేవాల్సి వస్తుందని ఆయనకు తెలుసు.

సూపరింటెండెంటు పట్టికలు పోగు చేసుకున్నాడు. నేను కాగితం మీద రాశాను: ‘ఎవరూ స్పందించలేదు.’

మర్నాడు అధికారిణి బావతో ఒక్కతే దిబ్బకు వెళ్లింది. చెప్పులు చేత్తో పట్టుకుని ఆయన అడుగుల్లోనే నడిచిందట. నలభై ఒకటీ లెక్కపెట్టింది. ఈ ఏటికి పిట్టపిల్లలు ఎగిరేదాకా తవ్వకం ఆపమని రాసింది. అంతవరకే ఆవిడ చెయ్యగలిగింది. ఏటా వచ్చే చోటని రుజువుంటే దిబ్బనే ముట్టుకోనిచ్చేది కాదు. పదకొండేళ్ల రుజువులో ‘లేవు’ అని ఉంది. ఆ ఉత్తర్వు కూడా నేనే టైపు చేశాను, ఒక్క తప్పు లేకుండా. ఆ వారమే సంఘం సమావేశమై, నమ్మదగనివాడని బావను తీసేసింది. తీర్మానం చదివింది మాస్టారే. నా పర్మనెంటు కాగితం మీద సంతకం పడింది. అక్క స్వీట్లు తెచ్చింది. అక్కకు ఆ హాలు సంగతి బావ చెప్పలేదని అప్పుడు తెలిసింది.

బావ నన్ను తిడతాడని నెలరోజులు ఎదురుచూశాను. ఒక్కమాట అంటే నేనూ పది అని ఏడ్చి తేలికపడేదాన్ని. ఆయన ఎప్పటిలాగే పొద్దున్నే టీ పెట్టి, మేడమెట్ల దగ్గర నిలబడి, “మరదలా, చల్లారిపోతోంది,” అని పిలిచేవాడు. అది వినలేక చెవులు మూసుకున్న రోజులున్నాయి.

చివరి పిల్ల ఎగిరిన నాలుగో రోజు పొద్దున్న తవ్వకం మొదలైంది. ఒక పెద్ద గొట్టం దిబ్బ మీద పడి ఇసుకనూ నీళ్లనూ కలిపి పీల్చేస్తోంది. బావ సైకిలు స్టాండు వేసి ఒడ్డున నిలబడి బైనాక్యులర్లో చూస్తున్నాడు. ఆఫీసు ఎగ్గొట్టి నేనూ వెళ్లాను. కత్తెర తోకలు ఆ గొట్టం మీదుగా తిరుగుతున్నాయి, కింద ఇసుక మడుగులా కుంగిపోతోంది.

“ఆ రోజు నేను లేవాల్సింది బావా,” అన్నాను.

బావ బైనాక్యులర్ దించలేదు. “ఎందుకమ్మా. లేచినా ఆవిడ నమ్మేది కాదు. ఉద్యోగం ఒకటి పోయేది. నీ కుర్చీలో నేనున్నా లేచేవాణ్ణి కాదు.”

“అబద్ధం,” అన్నాను.

బావ కాదనలేదు.