తగ్గించిన బరువు

ముప్పై రెండేళ్లు పార్సిల్ ఆఫీసులో కాటా ముందు నిలబడ్డ మనిషికి రిటైరయ్యాక ఇంట్లో ఏం తోస్తుంది? కూరగాయలు తూచాడు. మనవరాలి బడి సంచి తూచి, వాళ్ల టీచరుతో పేచీ పెట్టుకున్నాడు. అందరూ కాటాబాబు అని పిలిచే ఆ పెద్దమనిషి అంతటితో ఊరుకోక నెల రోజుల కొండదారి నడకకు ముహూర్తం పెట్టుకున్నాడు. మూడేళ్లు గోడకి మ్యాపు అంటించుకుని, దాని ముందు నిలబడి కాఫీ తాగాడు.

ఒక్కడే వెళ్తే ఈ కథే లేదు. తమ్ముణ్ణి కూడా బయల్దేరదీశాడు. తాళాలు బాగుచేసే చిన్న కొట్టున్న తమ్ముడికి యాభై నాలుగేళ్లు. నువ్వు వస్తావా అని అతన్ని ఎవరూ అడగలేదు. అమ్మా నాన్నా తొందరగా పోయిన ఆ ఇంట్లో తమ్ముడి చదువు ఎక్కడ ఆపాలో, ఏ పని నేర్పించాలో, ఏ పిల్లనిచ్చి చేయాలో అన్నీ అన్నయ్యే తేల్చాడు. ప్రేమతోనే తేల్చాడు, అందులో అనుమానం లేదు. అసలు చిక్కంతా అదే.

నడకలో కాటాబాబు శత్రువు బరువు. టూత్‌బ్రష్‌లను సగానికి కోశాడు. చొక్కాల మెడల దగ్గరి లేబుళ్లు కత్తిరించాడు. తమ్ముడి మోకాళ్లు మంచివి కావు కాబట్టి వాడి సంచి పది కిలోలు దాటకూడదని శాసనం చేశాడు. ఏడో రోజు సాయంత్రం లాడ్జిలో దిగినప్పుడు, తమ్ముడు స్నానానికి వెళ్లిన సందులో సంచిని కిటికీ ఊచకు కట్టిన స్ప్రింగు కాటాకి తగిలించి చూశాడు. పది కిలోల ఎనిమిది వందలు. అడుగున ఉన్న దళసరి కోటు సరిగ్గా ఎనిమిది వందల గ్రాములు తూగింది. ఆకాశం చూస్తే అద్దంలా ఉంది. వారం నుంచీ సంచి అడుగునే పడి ఉన్న కోటు ఎందుకు దండగ అనుకున్నాడు. గోనెగుడ్డలో బిగించి, నాలుగు ముళ్లు వేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో ఇంటి అడ్రసు రాసి, పొద్దున్నే ఊళ్లోకి వెళ్లే లాడ్జి జీపులో పార్సిల్ పంపించేశాడు. తమ్ముడికి చెప్పలేదు. చెబితే వాడు వద్దంటాడు, మోకాళ్లు నొప్పెట్టినా మోసుకొస్తాడు అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

తొమ్మిదో రోజు కనుమ వైపు ఎక్కుతుండగా గాలి తిరిగింది. ముందు చినుకులు, ఆ తర్వాత మంచు కలిసిన వాన. వానకోట్లు మనిషిని తడవకుండా కాస్తాయేమో కానీ ఆ చలి ముందు ఏ మూలకు సరిపోతాయి? తమ్ముడు ఒక బండ పక్కన ఆగి సంచి దించాడు.

"ఒక్క నిమిషం అన్నయ్యా, కోటు తీసుకుంటా."

 కాటాబాబు అప్పుడైనా నోరు తెరిచి నిజం చెప్పాల్సింది. తమ్ముడు వంటగిన్నె తీశాడు, బట్టలు తీశాడు, పరుపుచుట్ట తీశాడు. వణికే చేతులతో సంచి అడుగంతా తడుముకున్నాడు.

"ఏదీ? ఇక్కడే పెట్టాను."

"లాడ్జిలో మర్చిపోయావేమోరా," అన్నాడు కాటాబాబు. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. "పద, నడిస్తే ఒళ్లు వేడెక్కుతుంది."

తమ్ముడు నమ్మాడు. పైగా తన మతిమరుపుకి తనే సిగ్గుపడ్డాడు. "ఛ, ఎంత పని చేశాను!" అనుకుంటూ బండల మీద పడి ఉన్న సామాను మళ్లీ సర్దుకున్నాడు. ఒంటి మీద కోటుతో పక్కన నిలబడి అది చూసిన కాటాబాబుకి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా తనే ముందు నడక మొదలుపెట్టాడు.

గంట నడిచారు. తమ్ముడి వణుకు ఆగిపోయింది. ఒళ్లు వేడెక్కిందని అన్నయ్య సంతోషించబోయాడు. అంతలో తమ్ముడు చదునైన నేల మీద తూలి కూర్చుండిపోయాడు.

"కొట్టుకి తాళం వేశానా?" అని అడిగాడు ముద్దముద్దగా. "వదిన అన్నానికి పిలుస్తోంది, నువ్వు పద, నేనొస్తా."

వణుకు ఆగింది వేడెక్కి కాదు, చలికి ఒళ్లు ఓడిపోయి అని కాటాబాబుకి అప్పుడు అర్థమైంది. తన కోటు విప్పి తమ్ముడికి తొడిగాడు, పైన వానకోటు బిగించాడు. అతని చేతులు తన చంకల్లో పెట్టుకుని కాసేపు పట్టుకున్నాడు. సంచులు రెండూ అక్కడే వదిలేసి, తమ్ముడి నడుం చుట్టూ చెయ్యి వేసి వచ్చిన దారినే దిగాడు. పొద్దున దాటొచ్చిన, నడకవాళ్లు రాత్రిళ్లు ఆగే రాతిగోడల బస కనపడేసరికి రెండు గంటలు పట్టింది. దారి పొడవునా "నేనేరా తీశాను, నేనేరా" అంటూనే ఉన్నాడు. తమ్ముడికి వినిపించిందో లేదో తెలియదు.

బస చూసుకునే ఆవిడ పొడిబట్టలిచ్చి, కుంపటి దగ్గర దుప్పట్లు కప్పి, పంచదార నీళ్లు గోరువెచ్చగా తాగించింది. చీకటి పడకముందే తమ్ముడు మనిషయ్యాడు.

"వినిపించింది," అన్నాడు మొదటి మాటగా. "బండ దగ్గర ఎందుకు చెప్పలేదన్నయ్యా?"

"భయమేసిందిరా."

"నాకోసమా?"

కాటాబాబు తలొంచుకున్నాడు. అబద్ధమాడే ఓపిక ఆయనకి లేదు. "కాదు. నువ్వేమంటావోనని."

తమ్ముడు తిట్టలేదు. తిడితే బాగుండేది. మరునాడంతా ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు. తెరిపిచ్చాక ఆవిడ మనిషిని పంపి సంచులు తెప్పించింది. "ఒక్క కోటుతో ఇద్దరు కనుమ దాటడం కుదరదు. నా దగ్గర ఇంకోటి లేదు," అని ఖండితంగా చెప్పింది.

"అయితే ఇద్దరం దిగిపోదాం," అన్నాడు కాటాబాబు.

"నువ్వు దిగు. నేను వీళ్లతో వెళ్తా," అన్నాడు తమ్ముడు, బసలో ఉన్న ఇద్దరు నడకవాళ్లని చూపిస్తూ.

కాటాబాబుకి మోకాళ్ల మాట నోటిదాకా వచ్చింది. మూడేళ్ల మ్యాపు కూడా గుర్తొచ్చింది. రెండూ మింగేసి కోటు అందించాడు.

తెల్లారాక తమ్ముడు సంచి తనే సర్దుకున్నాడు. ఏమేం పెట్టుకున్నాడో చెప్పలేదు. గుమ్మం దగ్గర వంగి బూట్ల తాళ్లు కట్టుకుని లేచాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఏ గడప దాటాలన్నా "వెళ్లనా అన్నయ్యా?" అని అడిగిన మనిషి.

"వెళ్తున్నా," అన్నాడు.

కాటాబాబు సరేనన్నాడు, ఎవరూ అడక్కపోయినా.