కాకకు ఎగ్జిట్ వచ్చింది

కాక పోయాడు. సౌదీలో హాయిల్ అవతలి కొండల్లో, డేగల వేట క్యాంపుకు నీళ్లు తోలే ట్యాంకర్‌లో, స్టీరింగ్ మీద తల వాల్చి పోయాడు. ఆ క్యాంపులో గొర్రెలు కాసే సూడానీ నాకు ఫోన్ చేసి, వచ్చీరాని హిందీలో, "మీ డ్రైవర్ లేవడం లేదు. ఇంజన్ నడుస్తూనే ఉంది, డీజిల్ అయిపోతోంది. ఫోన్ చెవి దగ్గర పెడతాను, మీరు చెబితే వింటాడేమో" అన్నాడు.

నేను చెప్పలేదు. ఆయన తరఫున అప్పటికే చాలా ఎక్కువ మాట్లాడి ఉన్నాను.

పాఠకులకు ఆయన్ని పరిచయం చేయాలి. జగిత్యాల వైపు మనిషి. నాకు చుట్టమేమీ కాదు. హఫర్ అల్ బాతిన్‌లో ఉన్న తెలుగువాళ్లందరికీ కాకే. ఇరవై రెండేళ్లు ఒకే కఫీల్ ఇంట్లో, అంటే వీసా ఇచ్చిన యజమాని ఇంట్లో, డ్రైవర్. కఫీల్ కొడుకుల్ని బడికి తీసుకెళ్లాడు, ఆ కొడుకుల కొడుకుల్నీ తీసుకెళ్లాడు. నేను బీటెక్ చదివి అదే ఊళ్లో ఒక సైట్‌లో కూలీల హాజరు రాసేవాణ్ని. నా చదువును నమ్మి పని అప్పగించినవాడు ఈ దేశంలో కాక ఒక్కడే. దాని ఫలితం ఆయన అనుభవించాడు.

ఈ శరత్కాలంలో డాక్టర్ ఆయన గుండెలో రెండుచోట్ల అడ్డం ఉందన్నాడు. ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించుకోవాలన్నాడు. కరీంనగర్‌లో తమ్ముడు ఆస్పత్రి మాట్లాడి పెట్టాడు. ఇక కావలసింది ఎగ్జిట్. ఇంటి డ్రైవర్ వీసా కదా, కఫీల్ తన ఫోన్‌లో ఒక బటన్ ఒత్తితే తప్ప కాక దేశం దాటలేడు. కఫీలేమో ఎండలు తగ్గగానే డేగలతో కొండల్లోకి వెళ్లిపోయాడు.

"ఫోన్ చేసి అడుగు కాకా" అన్నాను.

"ఇరువై రెండేండ్లు ఆయన ఉప్పు తిన్న. ఫోన్ల అడిగితే ఏం బాగుంటది పిలగా? మొఖం జూసి అడగాలె. నువ్వు రా. ఆయనకు ఇంగ్లీష్ వస్తది, నువ్వు మంచిగ జెప్పు."

కాకకు అరబీ రాక కాదు. ధారాళంగా వచ్చు. కానీ ఆయన అరబీలో 'సరే' అనడానికి పదహారు రకాల మాటలున్నాయి, 'వద్దు' అనడానికి ఒక్కటీ లేదు.

క్యాంపుకు సామాన్లు పంపే పని ఉండనే ఉంది. బార్లీ బస్తాలు, నీళ్ల డబ్బాలు, డేగల్ని వేటకు తయారుచేయడానికి ఒక గంప నిండా బతికున్న పావురాలు. వాటితో బయల్దేరాం. రోజంతా ఇసుకే. ఎర్ర ఇసుక, తెల్ల ఇసుక, మళ్లీ ఎర్ర ఇసుక. రోడ్డు మీదికి ఒంటెలొస్తే నేను హారన్ కొట్టబోయాను. కాక చెయ్యి పట్టుకున్నాడు. "కొట్టకురా. గవి ఈ దేశపోళ్ల బిడ్డలు. ఆగాల్సింది మనం."

పెట్రోల్ బంకుల దగ్గర టీ తాగేముందు పావురాలకు నీళ్లు పోసేవాడు.

"రేపు సచ్చేటియే గద కాకా, నీళ్లెందుకు?"

"సచ్చేటియే. దూపతోని సావాల్నా?"

మరునాడు కొండలొచ్చాయి. ఒక్క చెట్టు లేని రాతి కొండలు, ఎవరో కాల్చి వదిలేసిన ఇటుకబట్టీల్లా. ఎత్తెక్కేటప్పుడు కాక ఎడమచేత్తో ఛాతీ రుద్దుకుంటూ కుడిచేత్తో గేర్లు మార్చేవాడు. నేను తోలతానంటే, "నువ్వు మాటలు తయారుచేస్కో" అనేవాడు.

తయారుచేసుకున్నాను. మా కాలేజీలో రిటైరయిన ప్రతివాడికీ సన్మాన పత్రం రాసింది నేనే. ల్యాబ్ అటెండర్ని కూడా హిమాలయంతో పోల్చగలను. వెళ్లేవాణ్ని నాలుగు మంచి మాటలతో సాగనంపడం మన పద్ధతి. ముందు శాలువా, తర్వాతే విషయం. కఫీల్ దగ్గరా అదే వరస అనుకున్నాను.

కఫీల్ గుడారం ముందు, చేతిమీద డేగతో కూర్చుని ఉన్నాడు. దాని కళ్లకు తోలు టోపీ. మంచి మనిషి, లేచి కాకను కౌగలించుకున్నాడు. డేగకు పాస్‌పోర్ట్ కూడా చేయించానని చూపించాడు. కాక నా చెవిలో, "గదానిది గూడ ఆయన దగ్గర్నే ఉన్నది" అన్నాడు. అంతకుమించి తన బాధ గురించి మాట్లాడగా నేను వినలేదు.

నేను మొదలుపెట్టాను. ఈయన లాంటి సారథి ఈ ఎడారిలో లేడన్నాను. మ్యాప్ అక్కర్లేకుండా ఇసుక వాలు చూసి దారి చెబుతాడన్నాను. ఇరవై రెండేళ్లలో బండికి ఒక్క గీత పడలేదన్నాను. కఫీల్ కళ్లు చెమర్చాయి. నేను ఇంకా రెచ్చిపోయాను. అంతా చెప్పి, చివర్లో గుండె, ఎగ్జిట్ అన్నాను.

కఫీల్ కాక చేతులు పట్టుకుని నాతో అన్నాడు. "నిజం. నువ్వు చెప్పేదాకా నాకే తట్టలేదు. మా నీళ్ల ట్యాంకర్ డ్రైవర్ మొన్న పారిపోయాడు. ఇసుకలో దారి తెలిసినవాడి కోసం వెతుకుతున్నాను. ఇంట్లోనే ఉన్నాడు."

"గుండె..." అన్నాను మళ్లీ.

"పట్నం దుమ్ము. ఇక్కడి గాలి పీలిస్తే తగ్గుతుంది. వేట సీజన్ అయిపోగానే నేనే బటన్ ఒత్తుతాను, వల్లాహి, దేవుడి మీద ఒట్టు." ఎదుట పళ్లెంలో మెత్తటి మాంసం ముక్క తన చేత్తో తుంచి కాక ముందు పెట్టాడు.

కాక కేసి చూశాను. ఇప్పుడైనా కాదంటాడేమోనని. ఆయన పదిహేడో రకం 'సరే' అన్నాడు.

మర్నాడు నేను గడ్డి లారీలో వెనక్కి వచ్చేశాను. సాగనంపడానికి కాక లారీ దాకా వచ్చాడు. "మస్తు జెప్పినవ్ బిడ్డా" అన్నాడు. "నా గురించి గంత మంచిగ ఎవలూ జెప్పలే. మా ఇంటిదానికి గూడ వినవడితే బాగుండు." వెటకారమేమోనని మొహం చూశాను. కాదు. సంతోషంగా ఉన్నాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఈ వ్యాసం ఇంత కష్టమయ్యేది కాదు.

మూడు వారాలు నీళ్లు తోలాడు. ఒక్క గీత పడలేదు.

హాయిల్ ఆస్పత్రి వరండాలో కఫీల్ ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, అది రాయకపోతే అన్యాయం. శవం ఊరికెళ్లాలన్నా ఎగ్జిట్ ఉండాలని గుమాస్తా అనగానే ఫోన్ తీశాడు. కళ్లద్దాలు క్యాంపులో మరిచిపోయాడట. ఫోన్ నా చేతిలో పెట్టి, "నాకు కనబడడం లేదు, నువ్వే ఒత్తు" అన్నాడు.

ఒత్తాను. తెరమీద చిన్న చక్రం రెండు చుట్లు తిరిగి ఆగింది. ఆకుపచ్చ టిక్కు వచ్చింది. దాని పైన, వీసాకని తీసిన ఫొటోలో కాక. నల్లటి మీసం, నూనె పెట్టి దువ్విన జుట్టు, ఫొటోగ్రాఫర్ కదలొద్దంటే ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.