ఎనొక్ వదిలేసిన నలభై మూడు

ఎనొక్‌కి డెబ్బై రెండేళ్లు. మా ఊళ్లో ఏ పనికీ ముందుగా పిలిచే మనిషి కాదు. పడవ ఇంజను విప్పాడంటే మళ్లీ బిగించేసరికి రెండు మరలు మిగులుతాయి. అతను ఎండబెట్టిన చేపల్లో సగం కాకుల పాలు. కానీ సెప్టెంబరులో కొండ మీది పొదలు ఎర్రబడి, కారిబూలు, అంటే మా మంచుదేశపు దుప్పులు, ఉత్తరపు తీరం నుంచి అడవుల వైపు దిగే రోజులు రాగానే ఊరంతా అతని మొహమే చూస్తుంది. అవి ఏరు దాటే రేవులో మొదటి తుపాకీ ఎప్పుడు పేలాలో చెప్పేది అతనే. మామగారి నుంచి వచ్చిన పని అది.

ముందు నడిచే గుంపును ముట్టుకోకూడదు. అది ఏరు దాటిపోతే, దాని గిట్టల వాసన పట్టుకుని వెనకవి వేలల్లో వస్తాయి. దాన్ని చెదరగొడితే మంద ఎటో మళ్లిపోతుంది, ఊరు చలికాలమంతా దుకాణంలో డబ్బా మాంసం తినాలి. నేను చాలా దేశాలు తిరిగాను, వరుసలో ఓపిగ్గా నిలబడే జనాన్ని చాలా చోట్ల చూశాను. ఆకలితో, చేతిలో తుపాకీతో, ఎదురుగా వచ్చిన మాంసాన్ని పోనిచ్చే జనాన్ని మాత్రం ఇక్కడే చూశాను.

ఆ ఏడాది కారిబూలు పది రోజులు ఆలస్యం చేశాయి. పరిశోధకులు కొన్నిటి మెడలకు రేడియో పట్టీలు కట్టారు కదా, అవి ఎక్కడున్నాయో తెలిపే చుక్కల్ని బడి పంతులమ్మ కంప్యూటర్‌లో చూపించింది. చుక్కలు ఎక్కడో ఎగువన రెండు పాయలుగా ఉన్నాయి.

"చుక్కలకు కాళ్లుండవమ్మా," అన్నాడు ఎనొక్, టీ తాగుతూ.

మర్నాడే నలభై మూడు దిగాయి. ముందు ఒంటికొమ్ము ఆడది. నీళ్లలోకి దిగి, ఈది, ఇవతలి ఒడ్డున ఒళ్లు దులుపుకుని, బలిసిన పిరుదులు ఊపుకుంటూ మా ముందు నుంచే నడిచిపోయాయి. కుర్రాళ్ల వేళ్లు దురద పెడుతున్నాయి. ఎనొక్ చెయ్యెత్తాడు. ఎవరూ కాల్చలేదు.

ఆ తరవాత ఏమీ రాలేదు. ఒక రోజు, రెండు రోజులు, అయిదు రోజులు. ఏటి అంచున పలుచగా మంచు కట్టింది.

ఎనొక్ చనిపోయిన భార్యకు తబిత అని ఒక అక్క ఉంది. ఎనొక్ కంటే నాలుగేళ్లు పెద్దది, గురి తప్పని మనిషి, నోరు అంతకంటే తప్పదు. రేవులో అందరూ వినేలా అడిగింది.

"మరిదీ, ఆ నలభై మూడూ దారి ఎవరికి చూపించాయి? నా కుండకు తప్ప అన్నిటికీ చూపించినట్టున్నాయే."

కుర్రాళ్లు నవ్వారు. వాళ్లలో ఒకడు, "వచ్చే ఏడు నేను ఆగను తాతా, ముందే చెబుతున్నా," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ వేళాకోళం కాదు.

ఎనొక్‌కు అదే గుచ్చుకుంది. ఇప్పుడు మంద రాకపోతే ఈ చలికాలం మాంసమూ పోతుంది, ఆగమంటే ఆగే మనిషీ ఇక ఉండడు.

"అవి ముందువి కావేమో వదినా," అన్నాడు మెల్లగా. "చివరివేమో."

అన్నవాడు ఊరుకోలేదు. సగం రోజు ఎగువకు వెళ్తే ఇంకో రేవుంది, అక్కడికి బయల్దేరాడు. పడవ నెట్టేసరికి తబిత తుపాకీతో వచ్చి ముందు పలక మీద కూర్చుంది.

"నిన్నెవరు రమ్మన్నారు?"

"ఒక్కడివే వెళ్తే దారిలో కుందేలు కనబడ్డా దానికి దారిస్తావు. పడవ పోనియ్."

అక్కడ ఒకటిన్నర రోజు కూర్చున్నారు. ఎండు మాంసం అయిపోయింది, ఎముకలు ఉడికించి తీసిన కొవ్వు వేలితో గీక్కుని రొట్టెకు రాసుకున్నారు. ఇంజను గురించి, చేపల గురించి తబిత తిడుతూనే ఉంది. చచ్చిపోయిన చెల్లెలి చేతి కుట్టును మాత్రం మెచ్చుకుంది, అలాంటి మనిషి ఇతన్ని ఎలా భరించిందో అంటూ.

మూడో రోజు పొద్దున అవతలి ఒడ్డున పొదలు కదిలాయి. ఇరవై దాకా కారిబూలు నీళ్లలోకి దిగాయి. తబిత తుపాకీ భుజానికి ఆనించింది, అలవాటుగా.

"కాల్చు," అన్నాడు ఎనొక్.

"ఏంటీ?"

"కాల్చమంటున్నా. ఇవీ చివరివే అయితే ఊళ్లోకి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

తబిత తుపాకీ దించి ఒళ్లో పెట్టుకుంది.

"చిన్నప్పుడు ఆకలేసి ఏడుస్తుంటే మా నాన్న ఇలాంటి గుంపునే వదిలేశాడు. ఆయన పోయాక అరవై ఏళ్ల దాన్ని నన్ను నువ్వు ఆపావు. ఇప్పుడు నలుగురూ నవ్వారని నీకు సిగ్గేస్తే నేను కాల్చాలా? నోరు మూసుకుని కూర్చో."

ఇరవయ్యీ ఒడ్డెక్కి వాళ్ల పక్క నుంచే వెళ్లిపోయాయి. ఎనొక్ అటు చూడలేక పొయ్యిలో పుల్ల పెట్టి కెలుకుతూ కూర్చున్నాడు. టీ కాగింది, చల్లారింది. ఇద్దరూ తాగలేదు.

అప్పుడు వినబడింది. కారిబూ అడుగు వేస్తే కాలి నరం ఎముక మీద జారి టిక్కుమంటుంది. ఒకటి రెండు నడిస్తే తెలియదు. వేలు నడిస్తే కొండ వెనక ఎవరో ఎండు పుల్లలు విరుస్తున్నట్టు ఉంటుంది. ఆ చప్పుడు పెరిగి పెరిగి, అవతలి గట్టంతా కొమ్ములైపోయింది. ఏరు కనబడలేదు.

తబిత మూడు కొట్టింది, ఎనొక్ ఒకటి. ఆ తరవాత ఆమె పడవలోని రేడియో అందుకుని ఊరికి చెప్పింది. మేమందరం దుకాణం దగ్గర రేడియో చుట్టూ మూగాం. పడవలు ఎన్ని తేవాలి, ఉప్పు కావాలా అని తలా ఒక ప్రశ్న. చివరికి, ఆగనన్న ఆ కుర్రాడే మైకు లాక్కున్నాడు.

"ముందువి దాటాయా?"

"ఆ మాట చెప్పాల్సింది నేను కాదు," అంది తబిత.

కాసేపు గరగర. మోచేతుల దాకా నెత్తురుతో చర్మం ఒలుస్తున్న మనిషి చేతులు తుడుచుకుంటున్నాడని తరవాత తెలిసింది.

"దాటాయి," అన్నాడు ఎనొక్. "రండి."