జీపు ఆపండి బావా!

తొంభైల చివరి మాట. నాకు పెళ్లయి రెండేళ్లు. ఉరవకొండ దగ్గర మా పల్లెలో వేరుశనగ చేలో కలుపు తీస్తుంటే రక్తపింజరి కాటేసింది. మా ఆయన ఊళ్లో లేడు. ఆయన అన్న, అంటే మా బావ, ఊరి సర్పంచి. నన్ను జీపులో వేసుకుని బయలుదేరాడు. టౌను చేరేసరికి కాలు మోకాలి దాకా వాచిపోయింది.

జీపు సర్కారు ఆసుపత్రి దాటిపోతుంటే "ఈడే ఆపండి బావా" అన్నాను.

"సర్పంచి ఇంటి కోడలు ధర్మాసుపత్రిలో పండుకుంటే జనం ఏమనుకుంటారు? ప్రైవేటుకు పోతాండాం, ఊరుకో" అన్నాడు.

అంతకుముందు ఏడాది మా పక్కింటి ఫాతిమక్కను పాము కరిస్తే, ప్రైవేటువాళ్లు మందు లేదని ఇక్కడికే పంపారు.

"జనం మాటలకు నా పానం ఇయ్యను. ఆపకుంటే దూకుతా!" అని తలుపు తెరిచాను. ఆయన ముందు గొంతెత్తడం అదే మొదటిసారి. డ్రైవరు హడలిపోయి బ్రేకు వేశాడు.

ఆసుపత్రిలో మంచం దొరకలేదు. వరండాలో చాప మీదే పాము విషానికి మందు ఎక్కించారు. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే చచ్చిపోతాననే అనుకున్నాను. మరునాటికి ఆగింది.

బావ కారు తెచ్చి "ఇంగనైనా మంచి ఆసుపత్రికి పోదాం రామ్మా" అన్నాడు.

"ఇంతకంటే మంచిది యాడుండాది బావా? మీరు సర్పంచి కదా, పైవాళ్లను అడిగి ఈడ మంచాలేయించండి" అన్నాను. వరండా అంతా నవ్వింది. ఆయన విసవిసా వెళ్లిపోయాడు.

ప్రైవేటు ఆసుపత్రులన్నీ చెడ్డవని నేననను. కానీ సర్కారు ఆసుపత్రిలో లోటుంటే నిలబడి అడగాలి గానీ, మొహం తిప్పుకుని పోకూడదు. మా బావ చాలాకాలం నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మాననీ, నేను బతికున్నాను.