ఎడమచేతి మాండలిన్

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మెకానిక్కుని. మాండలిన్లు చేయడం మదనపల్లెలో ఉండగా మొదలైంది. తొంభైల మొదట్లో మా ఆఫీసుకు కొత్త యంత్రాలు వచ్చాయి. వాటిని ప్యాక్ చేసిన పెట్టెలు తేలికైన దేవదారు చెక్కవి. ఇంజనీరును అడిగి నాలుగు పలకలు ఇంటికి తెచ్చుకున్నాను, అల్మరా చేద్దామని. ఒక పలకను వేలితో కొడితే ఖంగుమంది. ఇంట్లో పాడైపోయిన మాండలిన్ ఒకటి ఉండేది. దాన్ని విప్పి చూసి, అలాంటిదే ఇంకొకటి చేశాను. అది మోగలేదు. రెండోదీ అంతే. మూడోది మోగింది.

పుంగనూరుకు బదిలీ అయ్యాక, పాత ఇళ్లు పడగొట్టేచోట పనస తలుపులు దొరికేవి. వెనక పలకకూ పక్కలకూ పనస, ముందు పలకకు దేవదారు. ఆదివారాలన్నీ దానికే పోయేవి. నాకు వాయించడం రాదు, శ్రుతి సరిచూడడం మాత్రం వచ్చు. చేసినవాటిని భజన బృందాలవాళ్లు అడిగి తీసుకెళ్లేవారు. ఆ తర్వాత అవి ఎవరి చేతుల్లో ఎలా పలుకుతున్నాయో కనుక్కోవాలని నాకు అనిపించలేదు.

కుప్పం వెళ్లిన రెండో ఏడాది, రామకుప్పం వైపు నుంచి ఒక రైతూ ఆయన భార్యా మా ఇంటికి వచ్చారు. ఆయనకు యాభై దగ్గర ఉంటాయి. పల్లె భజనలో ముప్పై ఏళ్లు మాండలిన్ వాయించినవాడు. గడ్డి కోసే మిషన్లో పడి ఎడమచేతి మధ్యవేలూ ఉంగరపు వేలూ తెగిపోయాయి. తీగలు నొక్కే చెయ్యి అదే. ఆయన గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. సంగతంతా భార్యే చెప్పింది.

"ఆర్నెల్లుగా భజనకి పోలేదు సార్. ఎవురన్నా పిలిస్తే కడుపునొప్పంటాడు. ఈ చేతికి తగినట్ల ఏమన్నా చేస్తారేమోనని నేనే పిల్సుకొస్తి."

ఆ చేత్తో ఇక తీగలు నొక్కడం కుదరదని చెప్పాను. బొటనవేలూ చూపుడువేలూ ఉన్నాయి కాబట్టి దాంతో మీటవచ్చు. కుడిచెయ్యి నొక్కాలి. అందుకు తీగల వరుసంతా తిరగేసి వేరే మాండలిన్ చేయాలి.

"ముప్పై ఏండ్లు ఈ చేత్తో నేర్సుకునింది ఆ చేతికి ఎట్లొస్తాది సార్?" అన్నాడాయన.

రాకపోవచ్చునన్నాను. అయినా చేసిపెట్టమంది భార్య.

ఆయన కుడిచేతిని ఒక దరఖాస్తు ఫారం వెనక పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీసుకున్నాను. మడక పట్టి పొలం దున్నిన చెయ్యి, వేళ్లు లావు. మామూలు మాండలిన్ మీద ఒక వేలు పెడితే పక్క తీగ కూడా నొక్కుకుపోతుంది. అందుకని మెడను వెడల్పు చేసి, తీగల మధ్య ఎడం పెంచాను. పనస బద్దలను తడిపి వేడి గొట్టం మీద వంచి పక్కలు కట్టాను. పెట్టె మూసి జిగురు ఆరాక గుర్తొచ్చింది. ముందు పలక లోపల, లావు తీగల కింద పలకకు ఆనుగా ఉండాల్సిన బద్దను అలవాటుకొద్దీ పాత వైపే అతికించాను. బయటికి కనిపించే తప్పు కాదు. రెండు రోజులు అలాగే వదిలేశాను. మూడోరోజు కత్తి వేడిచేసి అతుకు విప్పి, బద్దను రెండో వైపుకు మార్చాను.

మొత్తం నాలుగు నెలలు పట్టింది. ఆయన వచ్చి, ఒళ్లో పెట్టుకుని ఒకసారి మీటి, దుప్పటిలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

చాలాకాలం కబురు లేదు. చలికాలంలో ఆయన భార్య కుప్పం సంతకు వచ్చినప్పుడు మా ఇంట్లో అనపకాయలు ఇచ్చింది. ఏనుగులు రాగిచేలో పడ్డాయట. ఆ నెలంతా ఆయన మాండలిన్ ముట్టలేదట, ఇప్పుడు మళ్లీ పట్టాడట.

"ఒకటో తరగతి పిల్లోళ్లు అచ్చరాలు దిద్దినట్ల వాయిస్తాండాడు సార్. ఇంట్లో ఇనలేక సస్తాండాం," అంది. ముఖం మాత్రం సంతోషంగానే ఉంది. శనివారం భజనకు రమ్మని చెప్పి వెళ్లింది.

వెళ్లాను. మొదటి రెండు పాటలకు ఆయన మాండలిన్ ఒళ్లో పెట్టుకుని తాళాలు వాయించాడు. మూడోది మెల్లగా సాగే పాట. అందులో దిగాడు. రెండుచోట్ల తప్పాడు. ఒకచోట పాడేవాళ్లు ఆయన అందుకునేదాకా ఆగారు. చెక్క ఎలా పలికిందో నేను గమనించనే లేదు. ఆయన వేలు తర్వాతి మెట్టు మీద సరిగా పడుతుందా లేదా అని అదే చూస్తూ కూర్చున్నాను.

భజన అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

"మెడ కింద కొంచెం లావుగా ఉండాది సార్, బొటనేలు తిరగనీదు. రవ్వంత సెక్కిస్తారా?"

తెచ్చుకుని మరుసటి ఆదివారం చెక్కి ఇచ్చాను. నేను కుప్పంలో ఉన్నన్నాళ్లూ ఆయన దాన్నే వాయించాడు. వేగమైన పాటలు మాత్రం ఆ చేతికి రాలేదు, వాటికి తాళాలే. మదనపల్లెకు తిరిగి బదిలీ అయినప్పుడు ఆయన వచ్చాడు, ఆ సంగతి అడిగాను. ఇంక అవి రావని మామూలుగా చెప్పి, సామాను లారీకెక్కించడానికి ఒక చెయ్యి వేశాడు.